అచ్చంపేటలో ఒక అమానత్

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే రహదారిలో డిండి దాటి, హాజీపూర్ చౌరస్తా వద్ద పక్కకు మళ్ళితే అచ్చంపేట వస్తుంది. వేరుశనగ బస్తాల లారీలు, దూరాన నల్లమల కొండల నీలిగీత ఆ ఊరికి ఆనవాళ్ళు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ పట్టణం 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అడవి చూడబోయేవారు, శ్రీశైలం యాత్రికులు సాధారణంగా దీన్ని పట్టించుకోకుండా సాగిపోతారు. మా ఖాలాను చూడడానికి వెళ్ళిన నేను మాత్రం అక్కడ నాలుగు రోజులు ఉన్నాను. ఆమె కుట్టుమిషన్‌కు బెల్టు మార్పించే పని మీద ఒక చిన్న మరమ్మతు దుకాణం మెట్లెక్కాను.

దుకాణదారు డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి. అందరూ ఆయనను చాచా అనే పిలుస్తారు. నేను కూర్చోగానే ఒక యువకుడు గోనెసంచిలో చుట్టిన బరువైన ఇనుప సామాను ఆటోలోంచి దింపాడు.

"మా తాత మిషన్, చాచా. పాతసామాన్లాయన కిలోల లెక్కన అడుగుతున్నడు. పొద్దుగూకేసరికి జవాబు చెప్పాలె. నడుస్తదంటే ఉంచుకుంట. చేతికుట్టుతోని రోజుకు రెండు జతల చెప్పులు గూడ అయితలేవు."

అది తోలు కుట్టే సింగర్ 29కె. ఆ 'కె' అక్షరం స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంకు వద్ద ఉన్న కిల్బోవీ కర్మాగారానికి గుర్తు. 1885లో తెరిచిన ఆ కర్మాగారం 1980లో మూతపడింది. దర్జీ మిషన్లో గుడ్డను కింది పళ్ళు జరుపుతాయి. ఇందులో పైనున్న ఫుటే తోలును పట్టి జరుపుతుంది. పైగా అది చుట్టూరా తిరుగుతుంది కనుక, తోలును తిప్పకుండానే ఎటు కావాలంటే అటు కుట్టవచ్చు. బూటులోకి సైతం దూరేలా దాని చేయి సన్నగా, పొడవుగా ఉంటుంది.

చాచా కీళ్ళన్నింటికీ కిరోసిన్ పోసి, తుప్పు నానే వరకు చక్రాన్ని ముట్టుకోలేదు. బలవంతం చేస్తే పాత ఇనుము విరుగుతుందట. తరువాత లెక్క తేలింది. ఫుట్‌ను పట్టుకునే స్క్రూ లేదు. లోపలి షటిల్ కూడా లేదు.

సింగర్ స్క్రూల మరచుట్లు వేరు కాబట్టి బజారు స్క్రూలు వాటికి ఎక్కవు. చాచా తన రేకుడబ్బా గుమ్మరించి, జుహర్ నుంచి అస్ర్ దాకా పాత స్క్రూలను ఒక్కొక్కటే వేలితో తిప్పి చూసి, సరిపోయేదాన్ని పట్టుకున్నారు. షటిల్ మాత్రం డబ్బాలో దొరికే వస్తువు కాదు. సూది తోలులోకి దిగి పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా విప్పుకుంటుంది. సరిగ్గా అప్పుడే షటిల్ మొన అందులోకి దూరాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కుట్టు పడదు.

దుకాణం మూలన గుడ్డ కప్పిన మరో 29కె ఉంది. యువకుడు దాన్ని చూశాడు.

"దాన్ల షటిల్ ఉన్నది గద చాచా! ఆయన మూడేండ్ల సంది రాలేదంటివి. పైసలు నేనిస్త."

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట సబబుగానే తోచింది. చాచా తల అడ్డంగా ఊపారు.

"అది అమానత్, బేటా. ఆయన రాకుంటే నాకు హక్కు వచ్చినట్టా?"

తరువాత హైదరాబాదుకు ఫోన్ చేసి, పాత మిషన్ల వ్యాపారికి మోడల్ నంబరు చదివి వినిపించారు. యువకునితో, "రెండు రోజులాగు. షటిల్ రాకుంటే, పాతసామాన్లాయన ఇస్తనన్న ధర నేనే ఇస్త" అన్నారు.

మూడో రోజు బస్సు పార్శిలులో షటిల్ వచ్చింది. మొదట కుట్లు తప్పాయి. సూదిని రవ్వంత కిందికి దించి బిగించాక, మైనం పూసిన దారం తోలు మీద సమంగా నడిచింది. యువకుడు ఆ తోలుముక్కను వెలుతురులో పెట్టి, కుట్లను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

దైవప్రవక్త (స) తన చెప్పులను స్వయంగా కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. తోలుపనిని చిన్నచూపు చూసేవారికి ఆ ఒక్క విషయం చాలు. హిజ్రత్ రాత్రి ప్రాణాపాయం ముంచుకొచ్చిన వేళ కూడా, మక్కావాసులు తన వద్ద దాచుకున్న సొమ్ములను తిరిగి అప్పగించేందుకు ఆయన హజ్రత్ అలీ (ర)ను అక్కడే ఉంచి వెళ్ళారు. ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్న ఆ సంఘటన, నూనె మరకల ఆ దుకాణంలో నాకు కొత్తగా అర్థమయింది. యజమాని కనబడనంత మాత్రాన అమానత్ మనది కాదు.

యువకుడు వెళ్ళాక చాచా మూలనున్న మిషన్ మీది గుడ్డ తొలగించి, దుమ్ము తుడిచి, దాని షటిల్ మీదా ఒక చుక్క నూనె వేసి మళ్ళీ కప్పారు.

ఇల్లు చేరగానే నేను అలమర తెరిచాను. ఒక మిత్రుని పుస్తకం అక్కడ ఐదేళ్ళుగా ఉంది. మర్నాడు ఉదయం దాన్ని తీసుకుని ఆయన ఇంటికి బయలుదేరాను.