ఆరు పలకల బల్ల

తెనాలి దగ్గర ఓ వడ్రంగి షెడ్డుకి నన్ను పంపింది లెక్కల మాస్టారైన మా బావగారు. "ఆయన ఆరు పలకల బల్ల గీస్తుంటే చూసి రా, తర్వాత మా పాఠాల గురించి రాద్దువు గానీ" అన్నారు.

మేస్త్రీ కంపాసుని 12 అంగుళాలకు తెరిచి టేకు చెక్క మీద వృత్తం గీశారు. ఆ తెరుపు మార్చకుండానే అంచు వెంట గుర్తులు పెట్టుకుంటూ వెళ్లారు. ఆరోది సరిగ్గా బయల్దేరిన చోటే పడింది. క్రమ షడ్భుజి భుజమూ వృత్త వ్యాసార్ధమూ ఒకటే. యూక్లిడ్ నాలుగో పుస్తకం 15వ ప్రతిపాదనలో ఉన్న ఈ సంగతి మేస్త్రీకి వాళ్ల నాన్న చేతిలోంచి వచ్చింది.

అంతలో కుర్రాడు కాగితం పట్టుకొచ్చాడు. ఎవరింట్లోనో కిటికీ కింద అమర్చే బల్ల. మూలలన్నీ 120 డిగ్రీలు, భుజాలు వరసగా 10, 14, 12, 8, 16, 12 అంగుళాలు. మేస్త్రీకి కోపమొచ్చింది. "మూలలన్నీ సమానమంటాడు, భుజాలేమో నోటికొచ్చినట్టు రాస్తాడు. ఎలా కలుస్తాయిరా ఇవి?"

సుద్దముక్క తీసి నేల మీదే 36 అంగుళాల సమబాహు త్రిభుజం గీశారు. ఒక మూల 10, ఇంకో మూల 12, మూడో మూల 16 కోసేశారు. మధ్యలో మిగిలినవి 14, 8, 10. అంటే మొదటి అయిదూ సరైనవే అనుకుంటే కాగితంలో చివరి 12 తప్పు, అక్కడ 10 ఉండాలి. మూలలన్నీ సమానమైతే పక్కపక్క భుజాలు రెండింటి మొత్తం, వాటికి ఎదురుగా ఉన్న రెండింటి మొత్తంతో సరిపోవాల్సిందే: 10, 14 కలిస్తే 24, ఎదురుగా 8, 16 కలిసినా 24. వరసగా నాలుగు భుజాలు తెలిస్తే చాలు, మిగతా రెండూ వాటంతటవే తేలతాయి. అదే త్రిభుజంలో మూడు మూలలూ పన్నెండేసి కోస్తే, ఇందాకటి టేకు బల్లే!

ఇంత అందమైన లెక్క నాకు బళ్లో ఎవరూ చూపించలేదు. షడ్భుజి అంటే తేనెపట్టు గది బొమ్మ, కోణాల మొత్తం 720, అక్కడితో సరి. భుజాలు సమానమైనంత మాత్రాన క్రమ షడ్భుజి కాదని చెప్పడానికి ఆరు సమానమైన బద్దలు, మూలకో మేకు చాలు. మేస్త్రీ అలాంటి చట్రాన్ని అరచేత్తో ఇలా నెట్టారు. భుజాలు అవే, కోణాలు మాత్రం మారిపోయి అది ఒరిగిపోయింది. క్రమం కాని షడ్భుజిని గీయమంటే మన పిల్లలు బిక్కమొహం వేయడం వాళ్ల తప్పు కాదు, వాళ్ల చేతికి బద్ద ఇవ్వని మన తప్పు.

బావగారి బడి ఇక్కడికి నడక దూరమే. ఇన్నేళ్లలో ఆ పిల్లలెవరూ ఇటు రాలేదు, మేస్త్రీని ఎవరూ అటు పిలవలేదు. నెలకో పూట, తగిన ప్రతిఫలమిచ్చి, ఇలాంటివాళ్లని లెక్కల పీరియడుకి పిలవండి. సుద్దముక్క, నాలుగు బద్దలు, కాసిని మేకులు ఆయనే తెచ్చుకుంటారు.