నీలిచుక్క వెంట కొల్లేటి గట్టుకు

లొకేషన్ అనే మాట వినగానే మన సినిమా ప్రియులకు ఏం గుర్తొస్తుంది? అవుట్‌డోర్ యూనిట్ వ్యాను, తళతళలాడే రిఫ్లెక్టర్లు, గొడుగు కింద హీరోయిన్, తాడు అవతల కిక్కిరిసిన ఊరి జనం! మంచి లొకేషన్ కోసం దర్శకుడూ, కెమెరామనూ కారేసుకుని గోదావరి గట్లంట రోజుల తరబడి తిరిగిన కాలం ఒకటుండేది. ఇప్పుడా మాట పూర్తిగా సెల్‌ఫోను పాలైపోయింది. "లొకేషన్ పెట్టవోయ్!" అంటే చాలు, వాట్సాప్‌లో ఓ గుర్తు వచ్చి వాలుతుంది. దాన్ని వేలితో తాకేరా, తెరమీద ఓ నీలిచుక్క మెరుస్తుంది. ఆ చుక్క ఎవరో కాదు, సాక్షాత్తూ మీరే!

ఆ చుక్కను నమ్ముకుని ఎంతదూరం పోవచ్చో చూద్దామని, కార్తీకమాసంలో ఒకరోజు బయలుదేరేను. ఎక్కడికంటారా? గణపవరానికి, అక్కణ్ణించి కొల్లేటి అంచుకీ.

ముందు ఈ చుక్క సంగతి కాస్త చెప్పుకోవాలి. మన ఫోను ఆకాశానికి ఏ కబురూ పంపదు. కేవలం వింటుంది. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికావారి జి.పి.యస్. ఉపగ్రహాలు తిరుగుతూ, "నేను ఫలానా, ఇప్పుడు టైము ఇంత" అని అస్తమానం చెబుతూనే ఉంటాయి. కనీసం నాలుగింటి మాట వినిపిస్తే చాలు, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి మనం ఎక్కడున్నామో ఫోను తేల్చేస్తుంది. మొదట్లో మామూలు జనానికి అందే లెక్కను అమెరికా కావాలనే కాస్త తప్పుగా ఇచ్చేది. 2000 మే నెలలో ఆ అడ్డు తీసేశారు. 2013 నుంచి మనవాళ్ళూ శ్రీహరికోట నుంచి సొంత ఉపగ్రహాలు పంపేరు. ఆ ఏర్పాటు పేరు నావిక్. ఇంతకీ అసలు తమాషా ఏమిటంటే, చుక్కకు ఇంటర్నెట్ అక్కర్లేదు. చుక్క కింద పరుచుకునే పటానికే కావాలి! సిగ్నలు పోయినచోట చుక్క ఉంటుంది, దాని కింద ఊరుండదు. తెల్లకాగితం మీద సిరాబొట్టులా ఉంటుంది మన బతుకు. అందుకే ఇంటి దగ్గరే పటాన్ని ఫోనులోకి దింపుకుని బయలుదేరేను.

తాడేపల్లిగూడెంలో రైలు దిగేను. రేలంగి వెంకట్రామయ్యగారు సినిమాహాలు కట్టించిన ఊరు ఇదే. 1975లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే. స్టేషను బయట నిలబడి ఫోనులో 'గణపవరం' అని కొట్టేను. ఒక్కటా, రెండా! చిలకలూరిపేట పక్కన స్పిన్నింగు మిల్లుల గణపవరం. కోదాడ దగ్గర ఇంకో గణపవరం. డబుల్ యాక్షన్ సినిమాలో ఏ హీరో అసలువాడో పోల్చుకున్నట్టు పోల్చుకోవాలి. పక్కన తాడేపల్లిగూడెం పేరు చేరిస్తే గాని మన గణపవరం బయటపడలేదు. ఊరిపేరు ఒక్కటే కొట్టి, వచ్చిన మొదటిదాన్ని నొక్కేసేవారు కాస్త జాగ్రత్త సుమండీ!

గణపవరం దాకా పేచీ లేదు. మిత్రుడి మోటారు సైకిలు వెనక కూర్చుని, ఫోను చేత్తో పట్టుకుని పోతుంటే చుక్క బుద్ధిమంతురాలిలా మా వెంటే వచ్చింది. ఇటు కోతకొచ్చిన వరి, అటు కాలువ, మధ్యలో కొబ్బరిచెట్లు. ఈ ఊళ్ళ సందులు కూడా ఫోనులో ఇంత చక్కగా ఎలా ఎక్కేయని మీకు అనుమానం రావచ్చు. 2008లో గూగుల్‌వారు మ్యాప్ మేకర్ అని ఒకటి తెచ్చేరు. ఎవరి వీధిని వారే గీసుకోవచ్చు! దాన్ని తయారుచేసినవారిలో మన తెలుగువాడు లలితేశ్ కట్రగడ్డ ఒకరు. 2017లో దాన్ని మూసేసినా, ఊళ్ళోవాళ్ళు గీస్తేనే ఊరు పటానికెక్కుతుందన్న సంగతి అది రుజువు చేసింది.

నిడమర్రు వైపు తిరిగేక దృశ్యం మారిపోయింది. వరి వెనకబడింది. నీళ్ళు, గట్టు, మళ్ళీ నీళ్ళు. అన్నీ చేపల చెరువులే! బొచ్చె, శీలావతి పెరిగే చెరువులు. ఫోనులో ఉపగ్రహం తీసిన ఫోటో పెట్టి చూస్తే నేలంతా పలకలు పేర్చినట్టుంది. మామూలు పటంలో మాత్రం కొల్లేరు నిండైన నీలం మచ్చ. అక్కడే నాకు నవ్వొచ్చింది. కొల్లేటికి ఒక ఆకారం ఎక్కడుంది? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడితే పెరుగుతుంది, ఎండలకు తరుగుతుంది, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు చివరికి చేరింది ఇక్కడికే. ఫోనులోని నీలం మచ్చకి ఆ సంగతులేవీ పట్టవు.

ఇక్కడి జనాన్ని నిద్రపోనివ్వని గీత ఒకటుంది. దాని పేరు 'అయిదో కాంటూరు'. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున సరస్సు చుట్టూ ఊహించుకునే గీత. 1999లో ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. 2006లో లోపల ఉన్న చెరువుల గట్లను పేల్చేశారు. 2008లో గీతను మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. పక్షులకు నీళ్ళుండాలి, మనుషులకు తిండి ఉండాలి. రెండూ న్యాయమే. ఒక కుర్రాడు తన ఫోను నా ముందు పెట్టి, "మా తాత భూమి గీతకి ఇటా, అటా, సూసి సెప్పండి" అన్నాడు. ఇద్దరం కళ్ళు చికిలించుకుని ఎంత వెతికినా గీత కనపడలేదు. వాడి పొలంలో వాడి నీలిచుక్క మాత్రం మెరుస్తోంది.

1976లో కె.బి. తిలక్ 'కొల్లేటి కాపురం' తీసేరు. ఆ రోజుల్లో ఇక్కడ దారి అడిగితే చేయి చూపించేవారు. ఇప్పుడు ఫోను మాట్లాడుతుంది. ఆటపాక పక్షుల కేంద్రానికి దారి అడిగేను. ఆకివీడు, కైకలూరు మీదుగా పోతే కొల్లేటి చాంతాడంత దూరం. "కుడివైపు తిరగండి, ఏడు కిలోమీటర్లు కలిసొస్తుంది" అన్నట్టు సన్నగీత ఒకటి చూపించింది. కుడివైపున రెండు చెరువుల నడుమ నల్లటి గట్టు!

మలుపులో ఉన్న టీకొట్టు పెద్దాయన మా వాలకం చూసి, స్టవ్వు తగ్గించి బయటకొచ్చేడు.

"ఆయ్, దారుందండి. ఫోను అబద్ధం చెప్పలేదు. మరేటంటే, అది చెరువోళ్ళు మేతబళ్ళ కోసం ఏసుకున్న గట్టండి. రాత్రి వాన పడింది. బండి జారిందంటే ఇటు పడినా నీళ్ళే, అటు పడినా నీళ్ళే."

నా మిత్రుడు చప్పున బండి స్టాండు వేసేడు.

పైనుంచి చూస్తే గట్టూ గీతే, రోడ్డూ గీతే. పొడి నల్లమట్టికీ, తడిసిన నల్లమట్టికీ తేడా 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వినబడదు కదా! 2024 మేలో హైదరాబాదు నుంచి కేరళ వెళ్ళిన నలుగురు, ఫోనులో దారి చూసుకుంటూ కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర కారుతో సహా వాగులోకి పోయారు. రాత్రి, జోరువాన, రోడ్డు మీదే నీళ్ళు. అదృష్టం బాగుండి నలుగురూ బతికి బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర సగం తెగిన వంతెన మీంచి కారు రామగంగ నదిలో పడి ముగ్గురు పోయారు. వాళ్ళూ ఫోను చూపిన దారినే వెళ్ళారని వార్త.

ఫోను దండగ అనేసేవారితో నేను ఏకీభవించను. చీకటిపడ్డాక చెరువుల మధ్య ఎక్కడున్నామో చెప్పడానికి దాన్ని మించింది లేదు. మీ కదలికను ఒక గంటపాటు ఇంట్లోవాళ్ళకు కనపడేలా పెట్టవచ్చు, అమ్మాయిలు ముఖ్యంగా పెట్టండి. పని అయ్యేక ఆపేయండి. అడిగిన ప్రతి యాప్‌కీ మీ చుక్కను అప్పగించకండి, అవి మీ తిరుగుళ్ళు రాసిపెట్టుకుంటాయి! ఇక 'దగ్గరదారి' అని ఫోను మురిపించినప్పుడు మాత్రం మలుపులో టీ తాగి తీరాల్సిందే.

మేమూ తాగేం. అల్లం టీ, పదిరూపాయలు. పెద్దాయన నా ఫోనులోకి తొంగిచూసి, "మా కొట్టు ఇందులో పడద్దాండి?" అన్నాడు. అదెంత పని! అక్కడే నిలబడి పేరు రాసి, ఫోటో తీసి, పంపించేను. గట్టు అందరూ పోయే రోడ్డు కాదని ఇంకో ఫిర్యాదు కూడా పెట్టేను.

ఆయన కాసేపు ఆలోచించేడు.

"అయితే ఆ గట్టు ఇంక ఇందులో కనపడదంటారు?"

"వాళ్ళు సరిచూసి తీసేస్తే కనపడదు."

"మరి నన్ను అడగడానికి ఇక్కడెవరు ఆగుతారండీ? రోజుకి పదిమంది ఆ దారి చూసే ఆగుతున్నారు!"

నా మిత్రుడు నవ్వాపుకోలేక బండి స్టార్టు చేసేడు. మేం ఆకివీడు రోడ్డుకే తిరిగేం. ఆటపాక చేరేసరికి సాయంత్రమైంది, గూడబాతులు గుంపులుగా ఇళ్ళకు దిగుతున్నాయి.