వచ్చే డిసెంబరులో

అటక మీది సామాను దింపినప్పుడల్లా మావారికీ నాకూ ఓ చిన్న యుద్ధం జరుగుతుంది. ఆయన పారేద్దామంటారు, నేను ఉండనీయమంటాను. పోయిన సంక్రాంతి ముందు యుద్ధంలో చిల్లుపడ్డ ఇత్తడి గంగాళం, తీగలు తెగిన నా వీణ, ఓ అట్టపెట్టెడు క్యాసెట్లూ బయటపడ్డాయి. గంగాళం విషయంలో ఆయనే గెలిచారు. వీణ జోలికి రాలేదు, నేనెక్కడ పెళ్ళినాటి సంగతులు మొదలుపెడతానో అని! క్యాసెట్ల దగ్గర మాత్రం, "వినడానికి మిషనే లేదు, ఇవెందుకే?" అన్నారు. నిజమే. కానీ ఆ పెట్టెలో ఒకదాని మీద నా చేతిరాతతో "మాండొలిన్ - 1986" అని ఉంది. అది చూశాక ఇక పోట్లాడే ఓపిక లేకపోయింది నాకు.

నాది భీమవరం వైపు. 1982లో పెళ్ళయి సూళ్ళూరుపేట వచ్చాను. మావారికి శ్రీహరికోటలో ఉద్యోగం. అప్పుడు మాది నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఇల్లు కదలకుండానే జిల్లా మారామన్నమాట. ఊరు దాటి శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే రెండు పక్కలా పులికాట్ సరస్సే. చలికాలంలో గులాబీరంగు ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడతాయి, చూసి తీరాలి. పుట్టింటి నుంచి వీణ తెచ్చుకున్నాను గాని, ఇక్కడి ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టేవి. ఆ తరవాత చంటిపిల్లాడు. ఆ తరవాత అటక. మీ ఇళ్ళలోనూ ఇలా అటకెక్కినవి ఏవో ఉండే ఉంటాయి, నేను వివరించక్కర్లేదు.

అలాంటి రోజుల్లో రేడియోలో విన్నాను ఆ వాద్యం. ముందు వీణే అనుకున్నాను. కాదు, ఏదో సన్నగా, చురుగ్గా, మెరుపు తీగలా ఉంది. చివర్లో పేరు చెప్పారు, ఉప్పలపు శ్రీనివాస్ అని. పాలకొల్లు పిల్లాడు! మా భీమవరానికి పొరుగూరు. "మా వైపు వాడేనండీ" అని ఇల్లంతా చాటాను. అత్తయ్యగారు వంటింట్లోంచి, "అయితే ఏందిమ్మే, నువ్వు నేర్పినావా?" అన్నారు.

వాడు, పిల్లాడు అంటున్నానని ఏమీ అనుకోకండి. ఆయన 1998లో పద్మశ్రీ అందుకున్న విద్వాంసుడు. కానీ 1969లో పుట్టాడు, నాకంటే ఏడేళ్ళు చిన్న. మా ఇంట్లో చివరిదాకా పిల్లాడే.

ఐదారేళ్ళ వయసులో తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్ చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. తమాషా ఏమిటంటే గురువుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. ఇలా వాయించాలి సుమా అని చూపించేవాళ్ళు లేకపోవడమే మేలయిందేమో! 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ, తొమ్మిదేళ్ళకి. 1981లో మద్రాసు సంగీత సీజన్‌లో అడుగుపెట్టాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. ఆ వయసులో మా అబ్బాయిని భీమవరం ఒంటరిగా పంపడానికే నాకు గుండె దడ.

మొదట్లో పెద్దలు పెదవి విరిచారు. మాండొలిన్ అంటే సినిమా పాటల్లో వినిపించే విదేశీ వాద్యం, దాని మీద గమకం పలుకుతుందా అని. వాళ్ళ సందేహం ఉత్తదేం కాదు. వీణ పట్టినదాన్ని గనక చెబుతున్నాను, మన సంగీతంలో స్వరం ఒక్కచోట కూర్చోదు. వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగి, ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జార్చాలి. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా నాలుగు. పొట్టి వాద్యం, బిగుతు తీగలు. జంటతీగల్ని కలిపి లాగి గమకం పట్టడం ఎంత కష్టమో! పైగా మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. ఈ పిల్లాడు ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. తీగ లొంగింది, నాదం నిలిచింది. ఆ మాటకొస్తే ఫిడేలు మాత్రం మనదా? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన కచేరీకి తెచ్చినప్పుడు ఎవరెవరు ఏమేమన్నారో!

టీవీలో మొదటిసారి చూసినప్పుడు అత్తయ్యగారు పిండి చేతులతోనే వచ్చి కూర్చున్నారు. చక్రవాళ్ళు వేళ్ళ దగ్గర పరుగెడుతుంటే ముఖం మీద మాత్రం అదే చిరునవ్వు, చెమట చుక్క లేదు. "మన చెరువులో పచ్చుల్లాగుండాడు బిడ్డ" అన్నారావిడ. అర్థంకాక చూశాను. దూరాన్నించి చూస్తే ఫ్లెమింగోలు ధ్యానంలో ఉన్నట్టుంటాయి. దగ్గరికెళితే తెలుస్తుంది, నీళ్ళలో కాళ్ళు ఒక్క క్షణం ఊరుకోవు, బురద తొక్కుతూనే ఉంటాయి మేత కోసం. చదువుకోని మనిషి చెప్పినంత బాగా ఏ పత్రిక్కారుడూ రాయలేదు మాండొలిన్ శ్రీనివాస్ గురించి.

"ఒకపారి తీసకపోమ్మే, కళ్ళారా చూస్తాను" అని అడిగేవారు. రైలెక్కితే రెండు రెండున్నర గంటల్లో మద్రాసు. డిసెంబరు వస్తే అక్కడ సభ సభకీ కచేరీలే. కానీ డిసెంబరు వస్తే మాకు వానలు. లేదా రాకెట్ ప్రయోగం, మావారికి సెలవు దొరకదు. లేదా పిల్లలకు జ్వరం, చుట్టాలు, అత్తయ్యగారి మోకాళ్ళు. వచ్చే ఏడు చూద్దాం లెండి అనేదాన్ని. చిన్నవాడు, ఎక్కడికి పోతాడు? అత్తయ్యగారు 1999లో పోయారు.

మా అబ్బాయి కాలేజీలో గిటారు కొన్నాడు. వాడికి బ్లూస్ పిచ్చి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళ కష్టాల్లోంచి పుట్టిన పాటట. నాకు ముందు ఒకటే గోలగా ఉండేది. ఒకరోజు "ఇది విను, అమ్మా" అని స్టీవీ రే వాన్ అనే ఆయనది పెట్టాడు. లావుపాటి తీగల్ని పక్కకు లాగి, స్వరాన్ని సాగదీసి, ఏడిపిస్తున్నాడు. "ఇది మన గమకం లాంటిదేరా!" అన్నాను. వాడు మురిసిపోయాడు. 1990 ఆగస్టు 27న కచేరీ ముగించుకుని, పొగమంచులో హెలికాప్టరెక్కి, కొండవాలుకి కొట్టుకుని పోయాడట. ముప్పై అయిదేళ్ళు. ఇప్పుడు మావాడు ఆస్టిన్‌లోనే ఉంటున్నాడు. అక్కడి సరస్సు ఒడ్డున టోపీ పెట్టుకుని, పోంచో కప్పుకుని నిలబడ్డ ఆయన కంచు విగ్రహం ఫొటో పంపించాడు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌ల రిమెంబర్ శక్తిలో మన శ్రీనివాస్ వాయించిన రికార్డులు నాకు తెచ్చిచ్చిందీ వాడే. గిటారుకీ మాండొలిన్‌కీ సవాలు జవాబు నడుస్తుంటే తల్లీకొడుకులం పక్షాలు పంచుకునేవాళ్ళం.

2014 సెప్టెంబరులో మా ఊళ్ళో ఎక్కడ విన్నా మంగళయాన్ మాటే. ఏడాది కిందట మా కోట నుంచే ఎగిరింది, 24న అంగారకుణ్ణి చేరుతుందని. 19వ తేదీ, శుక్రవారం. మంగళయాన్ కబుర్ల కోసం మావారు టీవీ పెట్టారు. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. మాండొలిన్ శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూత. కాలేయ మార్పిడి జరిగిందనీ, ఆ తరవాత తిరగబెట్టిందనీ చెప్పారు. నలభై అయిదేళ్ళు. నేను పొయ్యి మీద పాలు మరిచిపోయాను. మావారు లేచి వెళ్ళి కట్టేసి వచ్చారు, ఒక్క మాటా అనకుండా. రెండున్నర గంటల రైలు. ముప్పై ఏళ్ళు.

అయిదు రోజులకి మంగళయాన్ చేరింది. వీధివీధినా మిఠాయిలు పంచారు. నేనూ తీసుకున్నాను.

ఇక ఆ క్యాసెట్టు. సంక్రాంతికి వచ్చిన మావాడు దాన్ని చెన్నై తీసుకెళ్ళి, ఎవరిచేతో కంప్యూటరులోకి ఎక్కించి తెచ్చాడు. మాకు అప్పట్లో రేడియో వేరు, టేపురికార్డరు వేరు. రేడియో ముందు టేపురికార్డరు పెట్టి, ఇంట్లో అందరినీ ఊపిరి కూడా పీల్చకండని బెదిరించి రికార్డు చేసిన కచేరీ అది. ఖరహరప్రియ ఆలాపన. బుసబుసమని చప్పుడు వెనక నుంచి, పదిహేడేళ్ళ పిల్లాడి వేళ్ళు.

ఆలాపన పైషడ్జం అందుకునే చోట గిన్నె చప్పుడయింది. ఆ వెంటనే ఓ గొంతు, "ఎవురమ్మే వాయించేది, మీ ఊరి బిడ్డేనా?"

మావాడు ఉలిక్కిపడ్డాడు. "నాయనమ్మ!" అన్నాడు. కాసేపాగి, "ఈ మాటలూ చప్పుళ్ళూ తీసేయించొచ్చమ్మా, వట్టి సంగీతమే మిగులుతుంది" అన్నాడు. వద్దన్నాను.

ఆవిడ ఇంకా ఏదో అడుగుతున్నారు, సరిగ్గా వినిపించడంలేదు. ఎప్పుడు తీసకపోతావు అనే కాబోలు. మధ్యలో నా గొంతు, ఇరవై నాలుగేళ్ళ గొంతు, విసుగ్గా: "వచ్చే డిసెంబరులో వెళదాం లెండి అత్తయ్యా. ఇప్పుడు కాస్త విననివ్వండి."