నాయనమ్మ పేరు

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు నాన్నను వెంటబెట్టుకుని విజయవాడ పద్మావతి ఘాటులో దిగాను. పురోహితుడు దర్భ చేతికిచ్చి గోత్రం అడిగాడు, నాన్న చెప్పారు. తండ్రి పేరు, తాత పేరు చెప్పారు. "తల్లి పేరు?" అనేసరికి ఆగిపోయారు. వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు, పురోహితుడు "ఊఁ, త్వరగా" అంటున్నాడు. చివరకు తనను పెంచిన తల్లి పేరు చెప్పి ముద్ద నీళ్ళలో వదిలారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక్క మాటే అన్నారు: "కన్నతల్లి పేరు తెలియని వెధవనమ్మా నేను!"

నాన్నకు రెండో ఏడు నిండీ నిండకుండానే ఆవిడ పోయింది. భార్య పేరు భర్తా, భర్త పేరు భార్యా పలకని రోజులు గదా! బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆవిడ "కోడలుపిల్ల", పోయిన తరవాత "పోయినావిడ". మారుతల్లి వచ్చి నాన్నను కడుపున పుట్టినవాడికంటె ఎక్కువగా సాకింది. ఎక్కడ ఆవిడ మనసు నొచ్చుకుంటుందోనని నాన్న ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆవిడ కూడా కాలం చేశాక, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు రెండు చీరలు పెట్టేవారు. ఒకదానికి పేరుంది, రెండోదానికి లేదు.

కన్నవారివైపు అడుగుదామంటే వారిది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరవాత అక్కడ అడగడానికి మనుషులు మిగలలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. పేరేమిటో, ఊరేమిటో తెలియకుండానే ఎన్నో శవాలను కుప్పలుగా దహనం చేశారు.

క్లాసులో పోతన తల్లి లక్కమాంబ అని పిల్లలచేత అప్పజెప్పించేదాన్ని నేను. మా నాయనమ్మ పేరు నాకు తెలియదు! సిగ్గనిపించి బయలుదేరాను.

మొదట నాన్న మేనత్త దగ్గరికి వెళ్ళాను. తొంభై దాటిన మనిషి, జ్ఞాపకం మాత్రం మహా గట్టిది. "ఆనకట్ట తెగిన ఏడే. నందన. మాఘమాసం, శివరాత్రి ఇంకా రాలేదు. పురుటి మంచంమీదే పోయింది, బిడ్డా దక్కలేదు" అన్నది. మరి పేరో? "వదినా అనేదాన్ని. పేరుతో నాకేం పని?" అని నన్నే నిలదీసింది.

బెజవాడ ఆనకట్ట తెగింది 1952లో. సరే, ఏడాది దొరికిందనుకున్నాను. ఇక చావుపుట్టుకల పుస్తకం చూడాలి. ఇప్పుడున్న జనన మరణాల చట్టం 1969 నాటిది. అంతకుముందు మన జిల్లాలకు 1899 నాటి మద్రాసు చట్టం ఉండేది. పల్లెల్లో ఆ పుస్తకాలు గ్రామాధికారి చేతిలో ఉండేవి. 1984లో మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అన్ని చేతులు మారాక ఏ పుస్తకం ఏ బీరువాలో పడిందో ఆ బీరువాకే ఎరుక. ఇది చాలదన్నట్టు 2022లో నేనుండే విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, గుడివాడ దగ్గరి మా ఊరు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. ఆఫీసు పేరు చెప్పను గానీ, "రేపు రండి మేడంగారూ" అన్నమాట వింటూ మూడు వేసవి సెలవులు గడిపాను. చివరకు ఒక ముసలి అటెండరు జాలిపడి అటకమీదినుంచి కట్ట దింపాడు. సగం చెదపురుగుల పాలు. 1952 అంతా వేలు పెట్టి చదివాను. లేదు.

ఇంటికి వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే, మావారు గోడమీది పంచాంగం కేలండరు చూపించి, "నందనలో మాఘం ఎప్పుడొస్తుందోయ్ పంతులమ్మా?" అన్నారు. నెత్తిన మొట్టినట్టయింది. మన ఏడాది ఉగాదితో మొదలు. 1952 ఉగాదికి వచ్చిన నందన, 1953 ఉగాదిదాకా ఉంటుంది. మాఘమాసం పడేది జనవరి, ఫిబ్రవరుల్లో. అంటే నేను వెతకవలసింది 1953! పెద్దవాళ్ళు తిథి చెబుతారు, సర్కారువారు తేదీ రాస్తారు. ఈ రెంటికీ మధ్య ఎంతమంది తాతమ్మలు జారిపోతున్నారో!

1953 ఫిబ్రవరి మొదటి వారంలో దొరికింది. కలం నల్లగానే ఉన్నది, చేతిరాత గుండ్రంగా ఉన్నది. పేరు రాయవలసిన చోట మా తాతయ్య పేరు రాసి, పక్కన "భార్య" అని ఉంది. వయసు 19. కారణం: జ్వరం.

ఆ రోజుల్లో ఆ గడిలో జ్వరం అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది. కలరా, మశూచి అయితే తెలిసిపోయేది. తక్కినవాటికి డాక్టరు చూసిందెక్కడ, మునసబుగారికి వైద్యం తెలిసిందెక్కడ? పురిట్లో పోయినా జ్వరమే, పక్షం రోజులు తీసుకుని పోయినా జ్వరమే. పందొమ్మిదేళ్ళ పిల్ల! నా క్లాసులో ముందు బెంచీ పిల్లల ఈడు. ఆ పుస్తకం ముందు కూర్చుని ఏడిచాను. అటెండరు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

పాత దినపత్రికల్లో చూడమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. ప్రెస్ అకాడెమీ వారు లోగడ స్కాను చేయించిన సంచికలు కొన్ని తిరగేశాను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు కన్నుమూశారు, యావదాంధ్రం ఊగిపోయింది. అది జరిగిన రెండు నెలలలోపే మా నాయనమ్మ పోయింది. పేపరులో నిర్యాణవార్త పడేంత గొప్ప ఇల్లు మాది కాదు. ఆ దారి అక్కడితో వదిలేశాను.

దారి చూపించింది నాన్నే. ఒకనాడు భోజనాల దగ్గర, "మా పెంకుటిల్లు కట్టింది ప్రకాశం బ్యారేజి తెరిచిన ఏడు. అంత డబ్బు నాయనకు ఎక్కడిదో!" అన్నారు యథాలాపంగా. డబ్బు ఎక్కడిది? పొలం అమ్మి ఉండాలి. ఏ పొలం? మా ఊళ్ళోది సెంటు కూడా పోలేదు.

బ్యారేజి తెరిచింది 1957. అవనిగడ్డ సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ దస్తావేజులకు రెండు రకాల ఇండెక్సులుంటాయి. ఒకటి మనుషుల పేర్లవారీగా, రెండోది ఆస్తివారీగా. పొలం సర్వే నంబరు నాకు తెలియదు గానీ తాతయ్య పేరు తెలుసును గదా! ఫీజు కట్టి, అటూ ఇటూ కలిపి మూడేళ్ళకు వెతికించాను. రెండో ఏట పేరు తగిలింది. నకలు చేతికొచ్చింది.

నాయనమ్మకు కన్నవారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన 60 సెంట్లు. ఆవిడ గతించినందున మైనరు కుమారుడికి వచ్చింది, సంరక్షకుడిగా తండ్రి అమ్ముతున్నాడు. కుమారుడెవరి ద్వారా హక్కుదారుడైనాడో చెప్పాలి గనుక, ఆవిడ పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ రాయక తప్పలేదు. నోటితో ఏనాడూ పలకని పేరును తాతయ్య కాగితంమీద నాలుగుసార్లు రాయించి, కింద చేవ్రాలు చేశాడు.

నాన్న పెరిగింది ఆ పెంకుటింట్లో. నేను పుట్టిందీ అక్కడే. ఆవిడ పొలమే మా ఇల్లయిందని మాకెవ్వరికీ తెలియదు.

నకలు నాన్న చేతిలో పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు, పైకి చదవలేదు. నేను ఈ వ్యాసం రాస్తానంటే, "రాసుకో. పేరు మాత్రం అచ్చులో వేయకు. ముందు ఏటికి చెప్పనీ" అన్నారు.

పుష్కరాలు మళ్ళీ 2028లో. డెబ్భై దాటిన మనిషిని అన్నాళ్ళు ఆగమనడం ఎందుకని నిరుడు మహాలయ అమావాస్యనాడు ఘాటుకు తీసుకువెళ్ళాను. పురోహితుడు కుర్రవాడు. "తల్లి పేరు చెప్పండి బాబాయిగారూ" అన్నాడు. నాన్న చెప్పారు. గొంతు పెగలక మొదటిసారి వినిపించలేదు కాబోలు, మళ్ళీ అడిగాడు. ఈసారి గట్టిగానే చెప్పారు. అంతలోనే ఏదో తప్పు చేసినవారిలా, "నాకు ఇద్దరమ్మలండీ. పెంచినావిడ పేరు కూడా చెప్పొచ్చునా?" అన్నారు.

"ఎందుకు చెప్పకూడదండీ? సవతితల్లికీ తర్పణంలో చోటుంది. చెప్పండి" అన్నాడు ఆ అబ్బాయి, నువ్వులు చేతిలో పోస్తూ.