రెండో అధ్యాయం చివరి వచనాలు

పెంతెకొస్తు అనగానే మనవాళ్లకు గాలి, అగ్ని నాలుకలు, అన్యభాషలే గుర్తొస్తాయి. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయాన్ని చివరిదాకా చదివేవాళ్లు తక్కువేమో. ఆ రోజు యెరూషలేములో దాదాపు 3,000 మంది సంఘంలో చేరారు. ఆ తర్వాత ఆస్తులమ్మి, అక్కర ఉన్నవాళ్లకు పంచుకున్నారు. నా లెక్కలో అసలు అద్భుతం అదే.

అలాంటి అద్భుతమే 1906లోనూ కనిపించింది. లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో, ఒకప్పుడు బానిసలైన తల్లిదండ్రుల కొడుకు విలియం సేమూర్ ప్రార్థనలు నడిపాడు. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న రోజుల్లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు అక్కడ పక్కపక్కనే మోకరించారు. ఆ కలయిక ఎక్కువ కాలం నిలవలేదు, అది వేరే సంగతి.

మన కూటాల్లో మైకుల జోరుకేం తక్కువ లేదు. పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఆదివారం ఆత్మ కోసం మొరపెట్టిన నోరే ముందు కులం అడుగుతోంది.