రొయ్యల వల... రిగ్గు జీతం!

గ్రాండ్ ఐల్‌లో ఇళ్లన్నీ స్తంభాలెక్కి ఉంటాయి. కింద కారు, వలలు, పడవ... పైన సంసారం. తుపానొస్తే నీళ్లు కిందినుంచి పోవాలిగా మరి! అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మెక్సికో సింధుశాఖ అంచున ఉన్న చిన్న దీవి ఇది. న్యూ ఆర్లీన్స్ నుంచి కార్లో రెండు గంటల పైమాటే. దారంతా చిత్తడి నేలలు, రొయ్యల పడవలు. దీవికి కాస్త ముందు పోర్ట్ ఫూర్షాన్ రేవు. నడిసముద్రంలోని చమురు రిగ్గులకు కావాల్సిన సరంజామా ఇక్కణ్నుంచే వెళుతుంది. ఒకే కుటుంబంలో ఒకరు రొయ్యలు పడితే మరొకరు రిగ్గుమీద పనిచేయడం ఈ తీరంలో మామూలే. చమురును తిడితే సొంత మనిషిని తిట్టినట్టే!

2010 ఏప్రిల్ 20 రాత్రి తీరానికి దాదాపు 65 కిలోమీటర్ల దూరంలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలిపోయింది. దానిమీద ఉన్న 126 మందిలో 11 మంది తిరిగిరాలేదు. మృతదేహాలూ దొరకలేదు. ఆ సాయంత్రమే బావిలో ఒత్తిడి పరీక్ష చేశారు. సున్నా చూపాల్సిన చోట 1,400 పీఎస్ఐ చూపించింది. దానికేదో కారణం చెప్పుకుని, అంతా బాగుందనుకుని పని కానిచ్చేశారు. అప్పటికే పని ఆలస్యమైంది, రిగ్గు అద్దేమో రోజుకు లక్షల డాలర్లు...

ఆ తర్వాత 87 రోజులు చమురు ఆగలేదు. కోర్టు తేల్చిన లెక్క ప్రకారం సముద్రంలో కలిసింది 31.9 లక్షల పీపాలు. అంటే 50 కోట్ల లీటర్లపైనే. చేపలవేట ఆగిపోయింది. వలలు పక్కన పడేసిన జాలర్లే చమురును ఆపే తేలుడు అడ్డుకట్టలు లాగే కూలికి వెళ్లారు. గ్రాండ్ ఐల్‌లో ఒక ఇంటి ముందు తెల్లటి సిలువలు వరుసగా పాతి, కోల్పోయిన వాటి పేర్లు ఒక్కోదానిమీద రాశారు. పక్కనున్న బారటారియా అఖాతంలో డాల్ఫిన్లకు ఊపిరితిత్తుల జబ్బులొచ్చాయి. పరిశీలించిన చూలు డాల్ఫిన్లలో ఐదింట ఒకదానికే పిల్ల దక్కింది.

విచిత్రమేమిటంటే, అప్పటిదాకా తవ్వకాలకు లీజులిచ్చి రాయల్టీ వసూలు చేసేదీ, భద్రత చూసేదీ ఒకటే ప్రభుత్వ సంస్థ! కంచే చేను కాపూ, చేను కౌలూ చూసుకున్నట్టు. 2011 నాటికి దాన్ని విడగొట్టారు. ప్రమాదం కనిపిస్తే కింది స్థాయి కార్మికుడైనా పని ఆపించవచ్చన్నది 2013లో గానీ ప్రభుత్వ నిబంధన కాలేదు. బావుల భద్రతపై 2016లో కఠినమైన రూల్స్ తెచ్చారు. 2019లో సడలించారు. 2023లో మళ్లీ కొన్నిటిని బిగించారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఇదో తంతు.

పక్షుల విషయంలో మాత్రం పని జరిగింది. గ్రాండ్ ఐల్ దగ్గర్లోని క్వీన్ బెస్ దీవి గోధుమరంగు పెలికాన్ల నెలవు. మన నేలపట్టుకొచ్చే గూడబాతులకు చుట్టాలే ఇవి. పురుగుమందుల దెబ్బకు లూసియానాలో పూర్తిగా మాయమైతే, 1968 నుంచి ఫ్లోరిడా పిల్లల్ని తెచ్చి పెంచారు. అలా నిలదొక్కుకున్న చోటికే 2010లో చమురొచ్చింది. గూళ్లు కట్టుకోవడానికి ఐదెకరాలే మిగిలిన ఆ దీవిని, చమురు కంపెనీ కట్టిన పరిహారంతో 2020 నాటికి 37 ఎకరాలకు పెంచారు. గూళ్ల కాలంలో అక్కడ ఎవరినీ కాలు పెట్టనివ్వరు. పడవలోంచే చూడాలి.