జ్వరం తగ్గింది గానీ అమ్మ తేరుకోలేదు

పెద్దవాళ్ళ మతిమరుపు గురించి మా దగ్గరికి వచ్చే కుటుంబాలు రెండు రకాల కథలు చెబుతాయి. ఒకటి నెమ్మదిగా నడిచేది. రెండు మూడేళ్ళుగా పేర్లు గుర్తుండటం లేదు, పింఛను లెక్క తప్పుతోంది, కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది. రెండో కథకి తేదీ ఉంటుంది. "సంక్రాంతి దాకా బాగానే ఉందండీ. కనుమ నాడు చలిజ్వరం వచ్చింది. అప్పట్నుంచీ మనిషే మారిపోయింది."

అలాంటి ఒకామెను కొడుకూ కోడలూ రాత్రిపూట ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. డెబ్భై దాటిన మనిషి. మంచం పక్క గోడ మీద చీమలు పాకుతున్నాయని చీరకొంగుతో తుడుస్తోంది. ఎప్పుడో పోయిన అన్నగారిని "భోంచేసి వెళ్ళు అన్నయ్యా" అని బతిమాలుతోంది. "పొద్దుట్నుంచీ సంధి మాటలే సార్, తలకి స్కాన్ తీయండి" అన్నాడు కొడుకు. తీశాం. వయసుతో పాటు మెదడు కాస్త కుంచించుకుపోవడం తప్ప అందులో ఏమీ లేదు. మూత్ర పరీక్షలో మాత్రం చీము కణాలు నిండా ఉన్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. యాంటీబయాటిక్, సెలైన్ పెట్టాక జ్వరం దిగింది, తర్వాత చీమలూ పోయాయి. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు కోడలు ఒక మాట చెప్పింది: "కుక్కరు విజిల్స్ లెక్కపెట్టేది మా అత్తయ్యేనండీ. ఇప్పుడు స్టవ్ దగ్గరకి పంపాలంటే భయంగా ఉంది."

మూత్రంలోని సూక్ష్మజీవులు ఆమె మెదడు దాకా వెళ్ళలేదు. మరి మెదడు ఎందుకు దెబ్బతింది? ఈ ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం మైక్రోగ్లియా అనే కణాల్లో ఉంది.

1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా వెండి లవణంతో రంగు వేసే కొత్త పద్ధతి కనిపెట్టి, మెదడులో అంతవరకూ విడిగా పోల్చుకోలేకపోయిన ఈ చిన్న కణాలను చూశాడు, ఆ పేరూ పెట్టాడు. ఇవి మెదడుకు సొంత రోగనిరోధక కణాలు. రక్తంలోని తెల్లకణాల్లా ఎముక మజ్జ నుంచి ఎప్పటికప్పుడు కొత్తవి రావు. పిండం దశలోనే మెదడులోకి చేరి, అక్కడే స్థిరపడి, అక్కడే పెరుగుతాయి. పని లేనప్పుడు కదలకుండా పడి ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుకల మెదడును ప్రత్యేక మైక్రోస్కోపుతో చూస్తే, వాటి సన్నటి కొమ్మలు చుట్టుపక్కలంతా నిరంతరం తడుముతూనే కనిపించాయి. చచ్చిన కణాలను మింగడం, పేరుకున్న ప్రొటీన్లను ఊడ్చేయడం, ఎదిగే మెదడులో నాడీకణాల మధ్య అక్కర్లేని సినాప్సులనే అతుకులను తీసేయడం వీటి పనులు.

వయసు మళ్ళేకొద్దీ ఊడ్చే పని మందగిస్తుంది, ఉలికిపాటు మాత్రం పెరుగుతుంది. ఒకసారి దొంగలు పడ్డ వీధిలో కుక్కలు ఆకు కదిలినా మొరిగినట్టు, ముసలితనమూ లోలోపలి జబ్బూ చూసిన మైక్రోగ్లియా చిన్న కబురుకే రెచ్చిపోతాయి. ఒంట్లో ఇన్ఫెక్షన్ వస్తే ఆ కబురు రక్తంలోని సైటోకైన్లనే రసాయనాలు మోస్తాయి, వేగస్ నాడి కూడా మోస్తుంది. కుర్రాడికైతే ఆ రెండు రోజులూ ఒళ్ళునొప్పులు, బద్ధకం. అల్జీమర్స్ అప్పటికే మొదలైన మెదడులో మైక్రోగ్లియా విడిచే రసాయనాలు నాడీకణాలనే దెబ్బతీయగలవు. 2009లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్ వైద్యులు అల్జీమర్స్ రోగులను ఆరు నెలలు గమనించారు. ఆ కాలంలో ఇన్ఫెక్షనో, గాయమో తగిలినవారి జ్ఞాపకశక్తి మిగతావారికన్నా సుమారు రెండింతల వేగంతో తగ్గింది. ఓపీలో వింటూ వచ్చిన రెండో కథకు నాకు దొరికిన మొదటి గట్టి ఆధారం అది.

ఇది చదివి మైక్రోగ్లియాను విలన్ చేయకండి. ఆ తొందర వైద్యులకే బోలెడు ఖర్చయింది. కీళ్ళవాతానికి నొప్పిమాత్రలు వాడేవారిలో అల్జీమర్స్ తక్కువగా కనిపిస్తోందని, మైక్రోగ్లియా రేపే వాపు తగ్గిస్తే చాలని ఆశపడ్డారు. తీరా నాప్రోక్సెన్, సెలెకాక్సిబ్ మాత్రలిచ్చి పరీక్షిస్తే రక్షణ ఏమీ దొరకలేదు. 2013లో ఇంకో సంగతి బయటపడింది. మైక్రోగ్లియా మీద ట్రెమ్-2 అనే గ్రాహకం ఉంటుంది. దాని జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. ఆ మార్పు గ్రాహకాన్ని బలహీనం చేస్తుంది. అంటే ఈ కణాలు పని మానేసినా కష్టమే.

ఒక రిటైర్డ్ మాస్టారు ఖరీదైన పసుపు మాత్రల సీసా తెచ్చి చూపించారు, మెదడు వాపు తగ్గుతుందని ఎవరో చెప్పారట. "పసుపు పప్పులో వేసుకోండి మాస్టారూ, ఈ డబ్బుతో చెవి మిషన్ కొనుక్కోండి" అన్నాను. వినికిడి తగ్గినా పట్టించుకోకపోవడం మతిమరుపు జబ్బుకి ముప్పు పెంచే కారణాల్లో ఒకటని లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ 2024 నివేదిక కూడా చెప్పింది. పసుపు మాత్రల గురించి అలా చెప్పడానికి రుజువు లేదు.

అమెరికాలో ఉన్న కొడుకులు వీడియో కాల్‌లో అడిగేది లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు గురించి. అక్కడ 2023లో అనుమతి వచ్చింది. ఈ యాంటీబాడీ అల్జీమర్స్ మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్‌కు అతుక్కుంటుంది, దాన్ని మింగి ఊడ్చే పనిలో ముఖ్యపాత్ర మళ్ళీ మైక్రోగ్లియాదే. పద్దెనిమిది నెలల పరీక్షలో జబ్బు ముదిరే వేగాన్ని 27 శాతం తగ్గించింది, ఆపలేదు. తొలి దశవారికే ఇస్తారు. మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు రావచ్చు కాబట్టి పదేపదే ఎమ్మారై తీయాలి. మంచి ముందడుగే గానీ, స్నానానికి కూడా మనిషి సాయం కావలసిన తండ్రికి అది పనికిరాదని చెప్పడం నా వంతు.

నా చేతిలో ఉన్నది ఇంతకన్నా చవక. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకట్రెండు రోజుల్లోనే తికమకపడితే, పగలల్లా మగతగా ఉండి రాత్రి లేచి తిరిగితే, "వయసు మీద పడిందిలే" అనుకోకండి. జ్వరం, మూత్రం, దగ్గు, షుగర్, సోడియం చూపించండి. ముసలివాళ్ళలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి మీ డాక్టర్ని అడగండి. ఈమధ్య ఎవరైనా నిద్రమాత్ర మొదలుపెట్టారేమో కనుక్కోండి. వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని, ఆ రోజే రండి.